మూడో ప్రకటన

మధ్యాహ్నం వంటకు బియ్యం చెరుగుతుంటే మా ఆయన వాకిట్లో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు, "ఇల్లు గాబ్రియేలు పేరు మీద రాస్తున్న. వాడు శిబను చేసుకుంటడు. అక్క ఒప్పుకున్నది."

ఇవాళ కూర ఏంటని అడిగే గొంతుతోనే అన్నాడు. నా చేతిలో చాట ఆగిపోయింది గానీ నా పక్కన కూర్చున్న శిబ చేతులు ఆగలేదు. బియ్యంలో రాళ్లు ఏరడంలో మా శిబను మించినవాళ్లు మెదక్‌లో లేరు. తండ్రి తన పెళ్లి మాట చెబుతుంటే అది మట్టిబెడ్డ ఒకటి దొరికినందుకు సంబరపడి, "అమ్మా, సూడు, పెద్దది" అని నా అరచేతిలో పెట్టింది.

శిబ అంటే మా ఎలిశిబా. మాకు ఒక్కతే కూతురు. ఒళ్లు ఇరవై రెండేళ్లది, మనసు ఐదారేళ్లది. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదు. తోటిపిల్లలు బడికి పోయే వయసులో అది మాటలు నేర్చుకుంది. ఇల్లు ఊడుస్తుంది, కూరగాయలు తరుగుతుంది, గుళ్లో పాటలన్నీ రాగం తప్పకుండా పాడుతుంది. ఎండ గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో చూసి బడి విడిచే వేళ చెబుతుంది. రూపాయికీ అణాకూ తేడా తెలియదు. నవ్విన ప్రతివాళ్లూ మంచివాళ్లే అనుకుంటుంది. "పిచ్చిది" అన్న మాట దాని చెవిన పడకుండా ఇన్నేళ్లూ కాపలా కాశాను. తోటి పంతులమ్మ ఒకామె నోరు జారితే ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. అంగట్లో ఒకామె అంటే తూచిన వంకాయలు ఆమె బుట్టలోనే గుమ్మరించి వచ్చాను. మా అమ్మాయి కొంచెం మెల్లగా ఉంటుంది అంటాను. అంతకు మించి ఒక్క మాట ఒప్పుకోను.

ఈ పెళ్లి ఆలోచన మా ఆయనకు ఊరికే రాలేదు. తెలంగాణ ఉద్యమంలో మూతపడిన బళ్లు మళ్లీ తెరిచిన కొత్తలో నేను తరగతిలో బోర్డు మీద రాస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. దవాఖానాలో డాక్టరమ్మ గుండె బలహీనంగా ఉందనీ బరువు పనులు చెయ్యొద్దనీ చెప్పింది. బరువు పనులంటే ఏవో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చి బావిలో నీళ్లు తోడాను. ఆ సాయంత్రం ఆయన అన్నాడు, "నీకేమన్న అయితే దీన్ని ఎవరు సూస్తరు?" ఆ ప్రశ్న పట్టుకొని నన్ను వదల్లేదు. అందులోని వింత మాత్రం చాలా రోజులకు గానీ తట్టలేదు. అడుగుతున్నది దాని కన్నతండ్రి. తాలూకా ఆఫీసులో గుమస్తా, ఏనాడూ జలుబు కూడా చెయ్యని మనిషి. నాకేమైనా అయితే బిడ్డకు దిక్కు లేదని ఆయనే దిగులు పడుతున్నాడు. చూసుకునేవాళ్ల లెక్కలో తనను తాను కలుపుకోలేదు. నేనూ కలపలేదు, చూడండి.

ఇల్లంటే రెండు గదులు, ఒక వంటసాల, వెనక బావి. నా జీతంతో లేచిన గోడలే. జీతం కవరు విప్పకుండా మొగుడి చేతిలో పెట్టడం మా అత్త నేర్పిన మర్యాద. స్థలం రిజిస్ట్రీ నాడు ఇద్దరి పేర్లూ రాయిద్దామా అని అడిగాను. "ఆడదాని పేరు మీద ఇల్లుంటే మొగోడు ఇల్లరికం వచ్చినట్టుంటది" అని ఆయన నవ్వాడు, దస్తావేజు రాసేవాడు నవ్వాడు, మర్యాదకు నేనూ నవ్వాను.

"రాసేదుంటే శిబ పేరు మీదనే రాయుండ్రి" అన్నాను చాట కింద పెట్టి.

"దానికేం సమజయితది? ఎవడన్న ఏలిముద్ర ఏపిచ్చుకొని గుంజుకుంటడు. గాబ్రియేలైతే ఇంటి మనిషి. జీవితమంత అన్నం పెడ్తడు, ఇల్లు తీసుకుంటడు. బరాబర్ అయితది." చెప్పులు తొడుక్కున్నాడు. "నువ్వు పరేషాన్ గాకు. నేను అన్ని సోంచాయించిన."

మా ఆడబిడ్డ సౌభాగ్యమ్మది హవేలిఘనపూర్. మొగుడు పోయాడు, వరి పొలం ఉంది, బర్రెలున్నాయి, గాబ్రియేలు ఒక్కడే కొడుకు. మేనరికం కాబట్టి ఎవరూ వంక పెట్టరు. అంతా సక్రమంగానే ఉంది. ఆ సక్రమమే నన్ను భయపెట్టింది.

మా ఆయనకు చెప్పకుండా వాహెద్ వకీలు ఇంటికి వెళ్లాను. ఆయన కూతురు నా దగ్గరే చదువుకుంది. అంతా విని ఆయన మెల్లగా చెప్పాడు, "ఇల్లు మీ ఆయన పేరు మీదున్నది. ఆయన మర్జీ, మనం అడ్డం పడలేం. మీ చేతిల ఉన్నది మీ ప్రావిడెంట్ ఫండ్ ఒక్కటే టీచరమ్మా. గా పైసలు బిడ్డకు రాసియ్యొచ్చు. గానీ మీ తర్వాత ఆమెను, ఆమె పైసలను చూసుకునే మనిషిని కోర్టు పెట్టాలె. సంగారెడ్డి జిల్లా కోర్టుల దరఖాస్తు ఇయ్యాలె."

"ఏమని ఇయ్యాలె?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మతి సరిగ లేని మనిషని. జడ్జి సాబ్ పిల్లను పిలిచి చూస్తడు, నాలుగు మాటలు అడుగుతడు, రాసుకుంటడు."

"నా బిడ్డకు పిచ్చి లేదు వకీల్ సాబ్. పుట్టుకతోని మెల్లగున్నది, గంతే."

"నాకెరికేనమ్మా. మా ఇంటికొస్తే మా కోళ్లన్నిటిని పేరు పెట్టి పిలుస్తది. గానీ కానూన్ల రెండిటికి ఒకటే మాటున్నది. పాగల్. మెల్లగున్నోళ్లకని యేరే మాట రాయలే."

మా బడి హాస్టల్లో నిర్మలమ్మ అని మేట్రన్ ఉంది. నాకంటే చాలా చిన్నది. మొగుడు వదిలేసి పోతే ఏడుపు ముగించుకొని పనిలో చేరిన మనిషి. నేను బడిలో ఉన్నంతసేపూ శిబ ఆమె దగ్గరే చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంటుంది. నిర్మలను అడిగాను. "నా దగ్గర్నే ఉంచుకుంట టీచర్, నాకు మాత్రం ఎవరున్నరు? గానీ కాయితం గావాలె. రేపు వాళ్ల నాయిన వొచ్చి, మేనత్త వొచ్చి చెయ్యి పట్టుకొని తీస్కపోతే నేనేమని ఆపాలె?" అంది. ఆమె అన్నదీ నిజమే. ప్రేమ ఉంటే సరిపోదు, ఆ ప్రేమకు కోర్టు ముద్ర ఉండాలి. ఆ ముద్ర పడాలంటే నా బిడ్డ పిచ్చిదని నా నోటితోనే నేను చెప్పాలి. ఎన్నిసార్లు మనసు గట్టి చేసుకున్నా నోరు రాలేదు. ఆ మాట ఒకసారి కాయితం మీద పడితే దాని పేరు పక్కన చచ్చేదాకా ఉంటుంది. దరఖాస్తు ఇవ్వకుండానే వారాలు గడిపేశాను. ఈలోగా మా ఆయన పాస్టరుగారికి పేర్లు ఇచ్చేశాడు.

మాలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానా వాళ్ల కుమారుడికీ ఫలానా వాళ్ల కుమార్తెకూ వివాహం, దీనికి న్యాయమైన అడ్డంకి ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పాలి అంటారు. చదివి పాస్టరుగారు ఒక్క క్షణం ఆగుతారు. ఎవరూ లేవరు. అందరూ ఆ క్షణంలో గొంతు సవరించుకుంటారు, పిల్లల ముక్కు తుడుస్తారు. మా పేట చిన్న గుళ్లో నా ఎరుకలో ఎవరూ లేచిందే లేదు.

మొదటి ఆదివారం తన పేరు వినగానే శిబ దిగ్గున లేచి నిలబడింది. నా బడిలో హాజరు పిలవడం చూసింది కదా, ఇదీ అదే అనుకుంది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. నేను మాత్రం లేవలేదు. రెండో ఆదివారం కూడా లేవలేదు. ఎందుకు లేవలేదంటే ఆశ. ఆరాధన అయ్యాక ఒకామె నా చేతులు పట్టుకొని, "దేవుడు నీ బిడ్డకు గూడ ఒక దారి సూపిండు సువార్తమ్మా" అంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజమేనేమో అనుకున్నాను. మొగుడు, ఇల్లు, రక్తసంబంధం. లోకంలో ఆడపిల్లలందరికీ ఇంతకంటే ఏం ఏర్పాటు చేస్తున్నారు? పెళ్లంటే ఏమిటో తెలిసి నేను మాత్రం చేసుకున్నానా? చెప్పిన పని చేసింది, పెట్టింది తిన్నది అని అందరూ నన్ను మెచ్చుకోలేదా? నాకూ శిబకూ ఉన్న తేడా ఏమిటో ఆ వారమంతా గట్టిగా చెప్పలేకపోయాను.

రెండో ప్రకటన అయ్యాక సౌభాగ్యమ్మ వదినె కొడుకును వెంటబెట్టుకొని మా ఇంట్లో దిగింది. వచ్చిన పూటే శిబ చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగ గట్టిగున్నయి. మా ఇంట్ల పని మస్తుంటది, బర్లకు మేతెయ్యాలె, పేడ తియ్యాలె. చెప్పింది చెప్పినట్టు చేస్తది గద, ఎదురు మాట్లాడది." అన్నం కలుపుకుంటూ ఇంకో మాట అంది, "పిల్లలు పుట్టకుండ దవాఖానల ఆపరేషన్ చేపిస్తం తియ్యి. గా ముచ్చట నాకిడిసిపెట్టు." మా ఆయన మజ్జిగ అందుకున్నాడు. నా చేతిలో గరిటె ఉంది. వడ్డించడం ఆపలేదు. ఇరవై నాలుగేళ్ల అలవాటు కదా, చేతులు వాటంతట అవే వడ్డిస్తాయి.

గాబ్రియేలు చెడ్డవాడు కాదు. అరుగు చివర తల వంచుకొని కూర్చునేవాడు. చాయ ఇస్తే తీసుకొని నా మొహం చూడకుండా, "నన్ను గూడ ఎవ్వరడగలే అత్తమ్మా" అన్నాడు. వాడి మీద జాలి కలిగింది. కానీ వాడు లేచి వెళ్లిపోవాలనుకుంటే వెళ్లగలడు.

పెళ్లి ప్రమాణంలో పాస్టరుగారు అడిగినప్పుడు పెళ్లికూతురు తన నోటితో "ఒప్పుకొనుచున్నాను" అనాలి. అనకపోతే పెళ్లి లేదు. వదినె ఆ ఏర్పాటు కూడా చూసింది. కొంగు ముడిలో కలకండ ముక్కలు కట్టుకొని పెరట్లో శిబను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "అయ్యగారు అడిగి నీ దిక్కు సూస్తె ఏమనాలె?" శిబకు మొదట నాలుక తిరగలేదు. అన్నప్పుడల్లా ఒక ముక్క నోట్లో వేసింది. రెండు రోజుల్లో మా శిబ, నీళ్లను నీలు అనే శిబ, పుస్తకంలోని ఆ మాటను అక్షరం పోకుండా పలికింది. బుగ్గలో కలకండ పెట్టుకొని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఒప్పుకొనుచున్నాను" అని నవ్వింది. మా ఆయన మురిసిపోయాడు. "సూసినవా? నేర్పిస్తె నేర్సుకుంటది."

ఆ తర్వాత అది అన్నిటికీ ఆ మాటే అంది. స్నానానికి రమ్మంటే ఒప్పుకొనుచున్నాను. పాలవాడు ఇవాళ పాలు తక్కువున్నాయంటే ఒప్పుకొనుచున్నాను. అందరూ నవ్వుతున్నారు, నవ్వించడం దానికీ సరదాగా ఉంది. వదినె ఉందని ఆ వారం శిబను హాస్టలుకు తీసుకుపోలేదు. శనివారం సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే మా సందు మొగదల సోడా దుకాణం దగ్గర శిబ నిలబడి ఉంది. ఎదురుగా ముగ్గురు మగపిల్లలు సైకిళ్ల మీద. ఒకడు అడుగుతున్నాడు, "మాతోని వొస్తవా?" మా అమ్మాయి చేతులు కట్టుకొని, గుళ్లో నిలబడ్డట్టు నిలబడి, స్పష్టంగా, "ఒప్పుకొనుచున్నాను" అంది. వాళ్లు ఘొల్లుమన్నారు. ఇంకోడు అడిగాడు. ఆ అడిగింది నేను ఇక్కడ రాయను. దానికీ ఒప్పుకుంది. చెయ్యి చాపింది, కలకండ కోసం.

నేను ఎలా పరుగెత్తానో తెలియదు. డాక్టరమ్మ చెప్పిన గుండె అది. శిబను పట్టుకొని ఇంట్లోకి లాక్కొచ్చి తలుపేసి నేల మీద కూలబడ్డాను. అది భయపడి నా వీపు నిమిరింది. అప్పుడు తెలిసింది నాకూ దానికీ తేడా ఏమిటో. మా అమ్మ నాకూ ఆ ఒక్క మాటే నేర్పింది, కలకండ కూడా పెట్టలేదు. కానీ నేను నోటితో ఆ మాట అంటూ లోపల ఏడవగలను. లోపల కాదనుకోగలను. ఎప్పుడో ఒకనాడు ఆ కాదన్న మాటను బయటికి కూడా తేగలను. శిబకు ఆ లోపలి గది లేదనుకున్నాను. దాని బదులు కాదనడానికి నేను తప్ప ఎవరూ లేరు. నేను ఉండేది ఇంకెన్నాళ్లో తెలియదు.

మూడో ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివారు. "ఇది మూడవ పర్యాయము. న్యాయమైన అడ్డంకి ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను." ఆగారు. గొంతులు సవరించుకుంటున్నారు. నేను లేచాను.

"నాకు తెలుసు అయ్యగారూ" అన్నాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. పెళ్లికూతురి తల్లి లేస్తే ఎవరికి అర్థమవుతుంది? "కూసొమ్మా, ఏదన్న ఉంటే ఆరాధన అయినంక..." అన్నారు.

"ఇప్పుడే చెప్పాలని మీరే చదివిండ్రు గదా. నా బిడ్డకు పెండ్లంటే ఏందో తెల్వదు. అది ఒప్పుకొనుచున్నానంటది, మస్తు మంచిగ అంటది. గా మాట ఎవ్వరికైన అంటది."

"తండ్రి ఒప్పుకున్నడు గదమ్మా."

"పెండ్లి తండ్రికి కాదు గదయ్యగారూ."

మగవాళ్ల వైపు నుంచి మా ఆయన లేచాడు. మొహం ఎర్రగా కందిపోయింది. గట్టిగా అరవలేదు, ఆయన ఎప్పుడూ అరవడు. "అంటే ఏమంటవు? అందరి ముంగట చెప్పు. నా బిడ్డ పిచ్చిదంటవా?"

నా నోరు మూయించే మాట ఏదో ఆయనకు బాగా తెలుసు. ఆ మాట వింటే నేను తోక ముడుచుకొని కూర్చుంటానని ఇన్నేళ్ల కాపరం ఆయనకు నేర్పింది. నా కాళ్ల దగ్గర చాప మీద కూర్చొని శిబ తల పైకెత్తి నన్నే చూస్తోంది. దాని చెవులు మూద్దామనిపించింది. మూయలేదు.

"అవును" అన్నాను. "కానూన్ల గా ఒక్క మాటే ఉంటే, గదే మాట. నా బిడ్డ పిచ్చిది. రేపు సంగారెడ్డి కోర్టుల గూడ గిదే చెప్త."

పాస్టరుగారు చేతిలో పుస్తకం మూసి, కారణం విన్నాక తాను ఈ పెళ్లి చెయ్యలేనని అన్నారు. వదినె ఏడుస్తూ శాపనార్థాలు పెడుతూ బయటికి పోయింది. తల వంచుకునే ఉన్న గాబ్రియేలు ఒక్కసారి తలెత్తి నావైపు చూసి దండం పెట్టాడు. గెలిచానన్న తృప్తి రావాలి కదా, రాలేదు. నా కడుపులో నుంచి నేనే ఏదో పెరికి పారేసినట్టుంది. శిబ అప్పటికే లేచి చాప చివరికి వెళ్లి నిలబడింది. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. ఇంటికి పోయేదాకా నాకంటే ముందే నడిచింది. ఎప్పుడూ నా కొంగు పట్టుకొని నడిచే పిల్ల.

ఇంట్లో మా ఆయన అన్నీ అన్నాడు. "ఇంటి పరువు గుళ్ల పెట్టి అమ్మినవు. ఇగ దీన్ని ఎవడు సేసుకుంటడు?" అన్నాడు. అన్నం వడ్డించమన్నాడు. గిన్నెలన్నీ ఆయన ముందు పెట్టి, వడ్డించుకోండి అని చెప్పి లేచి వచ్చేశాను. ఆయన చాలాసేపు ఆ గిన్నెల వైపే చూస్తూ కూర్చున్నాడు. శిబ అన్నం తినలేదు. పాడమంటే పాడలేదు. దానికి అర్థం కాదని గుడి నిండా జనం ముందు చెప్పి వచ్చాను, అర్థం కావలసినది మాత్రం దానికి పూర్తిగా అర్థమైంది.

ఆ రాత్రే వాహెద్ వకీలుకు చెప్పి వచ్చాను. సోమవారం పొద్దున ఆయన మనిషితో కబురు పంపాడు, సంగారెడ్డి కోర్టులో తన తోటి వకీలు ఒకాయన మాకోసం చూస్తుంటాడని. నిర్మలమ్మ సెలవు పెట్టి వచ్చింది. శిబకు ఉతికిన చీర కట్టబోతే కట్టించుకోలేదు. రెండు చేతులతో తలుపు రెక్క పట్టుకొని గడప మీద కూర్చుంది. "దా బిడ్డా, బస్సెక్కి పోదాం" అన్నాను. బస్సంటే దానికి ప్రాణం.

"నేను రాను" అంది. నా మొహం చూడకుండా అంది. "నాకు పిచ్చి లేదు. నువ్వు చెడ్డదానివి. నేను రాను."

రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. నిర్మలమ్మ తొందరపడింది. "దానికేం తెలుస్తది టీచర్, చెరొక జబ్బ పట్టుకొని లేపుదాం. ఈ బస్సు పోతే మల్ల ఎప్పటికో." ఆమె మాటలో తప్పు లేదు. జడ్జి చూడాల్సింది శిబనే. నా గుండె ఎన్నాళ్లు కొట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. నాకు ఏడుపు వచ్చింది, ఆ ఏడుపులో ఏదో ఇంకొకటి కూడా ఉంది. ఇరవై రెండేళ్లలో ఏ ఒక్కరికీ, దేనికీ కాదని అనలేదు నా బిడ్డ. మొట్టమొదటిసారి అన్నది నాతోనే.

నిర్మల శిబ భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. ఆ చెయ్యి పట్టుకొని ఆపాను. దుమ్ము లేపుకుంటూ బస్సు మా సందు దాటి పోయింది. నేను శిబకు కొంచెం ఎడంగా, అది చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆ గడప మీదే కూర్చున్నాను.

"పోనియ్యి నిర్మలా" అన్నాను. "నా బిడ్డ రానంటున్నది. రేపు మల్ల అడుగుత."